కొలెస్టరాల్ మాత్రలు, కండరాల నొప్పులు: మందు మానవలెనా?

శివరాత్రి జాతర ముగిసిన వారం. ఉదయం తొమ్మిది గంటల వేళ యాభై ఎనిమిది సంవత్సరాల గృహిణి ఒకరు పాలకుర్తిలోని మా వైద్యశాలకు వచ్చినారు. చేతిలో ఒక గుడ్డసంచి. అందులో నాలుగైదు రకాల మాత్రల పట్టీలు, రక్తపరీక్షల కాగితాలు, వాటిపైన సెల్‌ఫోను. మధుమేహం పదేండ్లుగా ఉన్నది. అయిదు నెలల క్రితం జనగామలో వైద్యుడు రక్తంలో కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్నదని చెప్పి, అటోర్వాస్టాటిన్ అను మాత్రను రోజుకొకటి చొప్పున వ్రాసి ఇచ్చినారట.

"ఏటా సోమేశ్వరుని గుట్ట ఎక్కేదాన్నయ్యా. ఈ యేడు సగంల కూసున్న. తొడలు గుంజుతున్నయి. పట్నంల ఉండే బిడ్డ ఫోన్ల పంపింది చూడుండ్రి, ఈ గోలి ఏసుకుంటే కండలు కరుగుతయట. దీన్ని బంద్ పెడ్త. మీ దగ్గర గుగ్గులు ఉంటదట గద, అది ఇయ్యుండ్రి" అన్నారు.

ఇట్టి ప్రశ్న నాకు వారానికి రెండు మూడు సార్లయినా ఎదురవుతున్నది. ఆయుర్వేద వైద్యుని నోట "ఆ ఇంగ్లీషు మందు మానివేయండి" అను మాట వినవలెనని వచ్చువారే ఎక్కువ. ఆ మాట నేను చెప్పను. ఒకప్పుడు చెప్పకుండానే చెప్పినట్లయినది. ఆ సంగతి ఈ వ్యాసంలోనే ముందు వ్రాస్తాను. అంతకు ముందు ఈ మందు ఏమిటో, దాని వలన కలుగు కీడు ఎంతటిదో పాఠకులు తెలుసుకొనవలసి ఉన్నది.

బియ్యపు కొట్టులో దొరికిన మందు

కొలెస్టరాల్ విషం కాదు. ప్రతి జీవకణపు పొరకు, పైత్యరసం తయారీకి, కొన్ని హార్మోనుల నిర్మాణానికి అది అవసరం. మనం నెయ్యి, మాంసం ముట్టకున్నా కాలేయం తనంతట తాను దానిని తయారు చేసుకొనును. చిక్కు ఎక్కడనగా, అది ఎల్.డి.ఎల్. అను రూపంలో మితిమీరి రక్తంలో తిరుగునప్పుడు ధమనుల గోడలలో చేరి పేరుకొనును. ఆ పేరుకొన్న చోట ఒకనాడు పగులు ఏర్పడి రక్తం గడ్డకట్టినచో గుండెపోటు, మెదడులో అయితే పక్షవాతం.

స్టాటిన్లు అను మందులు కాలేయంలో కొలెస్టరాల్ తయారీకి కీలకమైన ఒక ఎంజైమును అణచును. అప్పుడు కాలేయం తన అవసరానికి రక్తంలోని ఎల్.డి.ఎల్.ను లాగుకొనును, రక్తంలో దాని పరిమాణం తగ్గును. ఈ మందును మొదట కనుగొన్నది జపాను దేశస్థుడైన అకీరా ఎండో. 1970వ దశకం ఆరంభంలో ఆయన సుమారు ఆరు వేల సూక్ష్మజీవులను పరీక్షించి, చివరకు క్యోటో నగరంలోని ఒక ధాన్యపు కొట్టులో సేకరించిన బియ్యం మీది బూజులో దీనిని పట్టుకొన్నారు. మరొక బూజు నుండి తీసిన లోవాస్టాటిన్ 1987లో అమెరికాలో అనుమతి పొంది, అమ్మకానికి వచ్చిన మొదటి స్టాటిన్ అయినది. నేడు ఎక్కువగా వాడు అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ కర్మాగారాలలో తయారగునవి. మన హైదరాబాదు చుట్టుపక్కల తయారైన మాత్రలు దేశదేశాలకు పోతున్నవి. 2006లో సిమ్వాస్టాటిన్‌పై అమెరికాలో పేటెంటు తీరినప్పుడు అక్కడ చౌక మందు అమ్మిన సంస్థలలో డాక్టర్ రెడ్డీస్ ఒకటి.

కనుక "అది రసాయనం, మాది ప్రకృతి" అను వాదానికి ఇక్కడ చోటు తక్కువ. చీనా దేశంలో తరతరాలుగా వాడుకలో ఉన్న ఎర్రబూజు బియ్యంలో ఉండునది అచ్చముగా లోవాస్టాటినే. దానిని "సహజ ఔషధం" అని సీసాలలో పెట్టి అమ్మువారు ఉన్నారు. స్టాటిన్ వలన కలుగు కండరాల నొప్పి ఆ సీసా వలన కూడ కలుగును, పైగా అందులో మందు ఎంత ఉన్నదో కొన్నవానికి తెలియదు.

కీడు ఎంత, మేలు ఎంత

2016లో లాన్సెట్ అను వైద్యపత్రికలో వెలువడిన ఒక సమీక్ష ఈ లెక్కను స్పష్టంగా చెప్పినది. పది వేల మంది రోజుకు 40 మి.గ్రా. అటోర్వాస్టాటిన్ చొప్పున అయిదు సంవత్సరాలు వాడినారనుకొనండి. వారిలో అయిదుగురికి తీవ్రమైన కండర వ్యాధి కలుగును. యాభై నుండి నూరు మందికి కొత్తగా మధుమేహం బయటపడును. అయిదు నుండి పది మందికి మెదడులో రక్తస్రావం కలుగవచ్చును. మేలు సంగతి: అప్పటికే గుండెజబ్బు ఉన్నవారు పది వేల మంది అయితే సుమారు వెయ్యి మందికి గుండెపోటు, పక్షవాతం వంటి ప్రమాదాలు తప్పును. గుండెజబ్బు లేకున్నా దాని ముప్పు ఉన్నవారయితే సుమారు అయిదు వందల మందికి తప్పును.

అయిదుగురు అన్నది చిన్న సంఖ్యయే. కాని ఆ అయిదుగురిలో మన ఇంటివారు ఒకరయితే అది చిన్నది కాదు. 2001 ఆగస్టులో సెరివాస్టాటిన్ అను స్టాటిన్‌ను లోకమంతటా అంగళ్ళ నుండి వెనుకకు తీసుకొనవలసి వచ్చినది. దానిని వాడినవారిలో కండరాలు విచ్ఛిన్నమై, ఆ వ్యర్థం మూత్రపిండాలను దెబ్బతీసి, 52 మంది మరణించినట్లు నమోదయినది. వారిలో అనేకులు కొవ్వు తగ్గుటకే జెమ్‌ఫైబ్రోజిల్ అను మరొక మందును కూడ కలిపి వాడినవారు. కాబట్టి ఈ మందులకు దుష్ఫలితాలు లేవనువాడు, అవి కేవలం విషమనువాడు, ఇద్దరూ రోగికి సగం మాటే చెప్పినవారు.

నొప్పి ఎక్కడ?

మా ఆమెను నేను మొదట అడిగినది ఇదే. మోకాలి నొప్పిని, నడుము నొప్పిని, మడమ నొప్పిని కూడ ఈ మాత్రపైకి నెట్టుట సర్వసాధారణం. కీళ్ళ నొప్పి వేరు, కండరాల నొప్పి వేరు. స్టాటిన్ వలన కలుగు నొప్పి సాధారణంగా శరీరానికి రెండు వైపులా సమానంగా ఉండును. తొడలు, పిరుదులు, పిక్కలు, భుజాలు దాని స్థానాలు. మాత్ర మొదలు పెట్టిన కొన్ని వారాలలో గాని, మోతాదు పెంచిన తర్వాత గాని ఎక్కువగా కనబడును. ఒక మోకాలి చిప్ప దగ్గర మాత్రమే నొప్పి, మెట్లు దిగునప్పుడు కటకట శబ్దం ఉన్నవారు మాత్రను నిందించనక్కర లేదు.

నొప్పి కన్నా బలహీనత ముఖ్యం. నేలపై గొంతుకూర్చున్నవారు చేయి ఆనించకుండ లేవగలుగుతున్నారా? అటకమీది డబ్బా అందుకొనుటకు, తల దువ్వుకొనుటకు చేతులు పైకి లేచుచున్నవా? నిన్నటి దాకా చేసిన ఈ పనులు నేడు చేయలేకున్నచో ఆలస్యం చేయక వైద్యుని కలవవలెను.

ఇక ఒక్క లక్షణం మాత్రం ప్రతి ఇంటిలోను అందరికీ తెలిసి ఉండవలెను. స్టాటిన్ వాడువారికి ఒళ్ళంతా తీవ్రమైన నొప్పులు, నీరసంతో పాటు మూత్రం చాయ డికాక్షను రంగులోనికి మారినచో అది కండరం కరిగి మూత్రంలో పోవుచున్నదనుటకు గుర్తు. ఆ పూట మాత్ర వేసికొనరాదు. కషాయాలు కాచుకొంటూ కూర్చొనరాదు. తెల్లవారువరకు ఆగకుండ పెద్ద ఆసుపత్రికి పోవలెను. ఇది చాల అరుదు, లక్షమందిలో ఏడాదికి ఇద్దరు ముగ్గురికి మించదు. అయినను మూత్రపిండాలను కాపాడుకొనుటకు ఉండు వ్యవధి గంటలలోనే.

కండరం దెబ్బతిన్నదా లేదా అని చూచుటకు సి.పి.కె. అను రక్తపరీక్ష చేయుదురు. ఈ పేరులో ఒక తెలుగువాని శ్రమ దాగి ఉన్నది. కండరం శక్తిని నిలువచేసికొను ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థాన్ని 1927లో ఫిస్క్‌తో కలిసి లోకానికి వెల్లడించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ పదార్థంపై పనిచేయు ఎంజైమునే ఈ పరీక్ష కొలుచును. అమెరికా వెళ్ళుటకు ముందు ఆయన మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో శరీరరచన బోధించినారు. మా వంటివారికి ఇది కొంత గర్వకారణం, అందుచేత ప్రస్తావించితిని.

పరీక్షకు పోవువారు ఒక జాగ్రత్త పాటించవలెను. నాట్లు వేసిన మరునాడు, పత్తి బస్తాలు మోసిన మరునాడు, గుట్ట ఎక్కి దిగిన మరునాడు, కండకు సూది మందు వేయించుకొన్న మరునాడు సి.పి.కె. తనంతట తానే పెరిగి ఉండును. రెండు మూడు రోజులు బరువు పనులు మాని పరీక్ష చేయించుకొనుట మంచిది. ఫలితం సాధారణపు పై హద్దుకు పది రెట్లు దాటినచో మందు వెంటనే ఆపుదురు. కొద్దిగా పెరిగి ఉన్నచో రోగి లక్షణాలను బట్టి వైద్యుడు నిర్ణయించును.

అరువది మంది, పన్నెండు సీసాలు

నొప్పి ఉన్నది నిజమే, కాని అది మాత్ర వలననేనా అను ప్రశ్నకు లండనులోని ఇంపీరియల్ కళాశాల పరిశోధకులు ఒక చక్కని ఉపాయం పన్నినారు. దాని ఫలితాలు 2020లో వెలువడినవి. స్టాటిన్ పడక మానివేసిన అరువది మందిని తీసికొని ఒక్కొక్కరికి పన్నెండు సీసాలు ఇచ్చినారు. నాలుగింటిలో అటోర్వాస్టాటిన్ 20 మి.గ్రా., నాలుగింటిలో అదే రూపంలో ఉన్న మందులేని ఉత్తుత్తి మాత్రలు. మిగిలిన నాలుగు ఖాళీ సీసాలు. నెలకొక సీసా చొప్పున, ఏ నెల ఏ మాత్రయో ఎవరికిని తెలియకుండ ఏడాది గడిపినారు. రోజూ తమ బాధకు సున్న నుండి నూరు వరకు మార్కులు వేయవలెను.

ఖాళీ సీసా నెలలలో సగటు 8. స్టాటిన్ నెలలలో 16.3. ఉత్తుత్తి మాత్రల నెలలలో 15.4!

అనగా మాత్ర వేసికొనుచున్నానను భయమే బాధలో నూటికి తొంభై పాళ్ళకు కారణమైనది. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. నొప్పి నిజముగనే ఉన్నది. మనస్సు శరీరాన్ని, శరీరం మనస్సును అనుసరించునని మన శాస్త్రకారులు ఎరిగిన సంగతే ఇది. ఈ లెక్కను చూపిన తర్వాత ఆ అరువది మందిలో సగం మంది తిరిగి మాత్రను మొదలు పెట్టినారట. 2022లో లక్షా ఇరువది మూడు వేలకు పైబడిన వ్యక్తులపై జరిగిన పరీక్షలను కూర్చి చూచినప్పుడు కూడ ఇట్టి ఫలితమే వచ్చినది. స్టాటిన్ వాడువారు చెప్పిన కండరాల బాధలలో పదిహేనింటిలో ఒక్కటి మాత్రమే మందు వలన కలిగినది. మిగిలినవి వయస్సు, శ్రమ, డి విటమిన్ లోపం, థైరాయిడ్, ఇతర కారణాలు. మందు వలన కలిగినవి కూడ మొదటి సంవత్సరంలోనే ఎక్కువ.

ఆ ఫోను సందేశాలు పంపువారు ఈ సంగతి తెలిసికొనవలెను. "కండలు కరుగును" అని తల్లికి పంపిన మాటే తల్లి తొడలలో నొప్పిగా దిగవచ్చును.

నేను ఊరుకొన్న రోజు

2006వ సంవత్సరం వర్షాకాలం. నాకు చాలకాలంగా పరిచయమున్న విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకాయన వచ్చినారు. అంతకు రెండేండ్ల ముందు గుండెకు బైపాస్ శస్త్రచికిత్స జరిగినది. తొడలు, పిక్కలు నొప్పి. సంచిలోనుండి మాత్రల పట్టీ తీసి నా బల్లపై పెట్టి, "వైద్యులుగారూ, ఇది మానేసి మీ మందు వాడుకుంటే ఎట్లుంటదంటరు?" అని అడిగినారు.

నేను నవ్వి ఊరుకొన్నాను. లోపల కొంత సంతోషం కూడ కలిగినదని దాచక చెప్పుచున్నాను. పెద్ద ఆసుపత్రి మందు వదలి మన శాస్త్రాన్ని వెదుక్కుంటూ వచ్చినారు కదా అని. నొప్పులకు యోగరాజ గుగ్గులు, మర్దనకు తైలం ఇచ్చి పంపినాను. మానుమని అనలేదు, మానవద్దనీ అనలేదు.

నెల తిరుగక ముందే నొప్పులు తగ్గినవి. ఆయన బస్సులో, హోటలులో, కనబడినవారికల్లా ఆ మాట చెప్పినారు. మరుసటి సంవత్సరం ఉగాదికి కొద్ది రోజుల ముందు జనగామ బస్సు స్టాండులో గుండెపోటు వచ్చి పడిపోయినారు. వరంగల్లుకు తీసికొనిపోయినారు, బ్రతికినారు. తర్వాత మూడేండ్లు ఇంటి గడప నుండి వాడ చివరి వరకు నడచుటకే ఆయాసపడినారు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. పెద్ద కుమారుడు వచ్చి కూర్చొని అడిగినాడు: "బాపు ఆ గోలి బంద్ చేసిండని మీకు ఎరుకనా?" ఎరుకే అన్నాను. అతడు ఇంకేమీ అడుగలేదు. అదే సంచిలోని ఆస్పిరిన్ మాత్రను కూడ, అన్నీ ఒకటేనని తలచి, ఆయన ఆ రోజునుండే మానివేసినారని నాకు అప్పుడు తెలిసినది.

మాత్ర మానినందుననే గుండెపోటు వచ్చినదని ఎవరూ నిశ్చయంగా చెప్పలేరు, వాడుచున్నవారికి కూడ వచ్చును. కాని నేను చేయవలసిన పని ఒకటి ఉండినది. పట్టీపైన 40 అని స్పష్టంగా ఉన్నది. "నొప్పులు కలుగుచున్నవి, మోతాదు తగ్గించుటకు గాని మందు మార్చుటకు గాని వీలున్నదేమో చూడగలరు" అని ఆయన గుండె వైద్యునికి నాలుగు పంక్తుల చీటీ వ్రాసి ఇచ్చి ఉండవలసినది. ఆ మార్గాలు అన్నీ ఉన్నవి. కొన్ని వారాలు ఆపి నొప్పి పోవునో లేదో చూచి తిరిగి ఇచ్చుట ఒకటి. తక్కువ మోతాదు మరొకటి. వేరొక స్టాటిన్, రోజు విడిచి రోజు రోసువాస్టాటిన్, స్టాటిన్ కాని ఎజెటిమైబ్, ఇట్లు ఎన్నో. ఒక స్టాటిన్ పడనివారిలో చాలమందికి ఏదో ఒక విధంగా మరొకటి పడును. ఆనాటి నుండి అట్టి చీటీ వ్రాయకుండ నేను ఎవరినీ పంపుట లేదు.

స్టెంటు వేసినవారికి, బైపాస్ జరిగినవారికి, ఒకసారి గుండెపోటు గాని పక్షవాతం గాని వచ్చినవారికి ఈ మాట మరీ గట్టిగా చెప్పుచున్నాను. మూత్రం రంగు మారుట వంటి అపాయం తప్ప మరే కారణానికిని గుండె వైద్యునికి చెప్పకుండ ఈ మాత్ర ఆపరాదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలయితే అసలే ఆపరాదు. స్టెంటులో రక్తం గడ్డకట్టకుండ కాపాడునవి అవి. గుండెజబ్బు లేక, కేవలం అంకెలు కొద్దిగా పెరిగినందుకు మందు మొదలు పెట్టినవారి సంగతి వేరు. వారికి మందు నిజంగా అవసరమా అని వైద్యునితో కూర్చొని తర్కించు హక్కు, వ్యవధి రెండూ ఉన్నవి.

గుగ్గులు సంగతి

ఇప్పుడు ఆమె అడిగిన గుగ్గులుకు వస్తాను. మేదస్సు పెరిగినవారికి సుశ్రుతుడు చెప్పిన ద్రవ్యాలలో గుగ్గులు, శిలాజిత్తు, త్రిఫల, తేనె, యవలు, పెసలు, అరికెలు, చామలు ఉన్నవి. ఆ గ్రంథం ఆధారంగానే 1966లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో డాక్టర్ జి.వి. సత్యవతి కుందేళ్ళపై ప్రయోగాలు చేసి, గుగ్గులు రక్తంలోని కొవ్వును తగ్గించునని తమ సిద్ధాంత గ్రంథంలో చూపినారు. ఆమె తర్వాత భారత వైద్య పరిశోధనా మండలికి డైరెక్టర్ జనరల్ అయినారు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ ఆ దారిలో గుగ్గులు సారాన్ని మందుగా రూపొందించగా, 1980వ దశకం చివర అది అంగళ్ళకు వచ్చినది. మేమందరం ఎంతో సంతోషించిన రోజులు అవి.

కాని 2003లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు 103 మందిపై ఎనిమిది వారాలు పరీక్షించగా, గుగ్గులు సారం వాడినవారిలో ఎల్.డి.ఎల్. తగ్గలేదు సరికదా కొద్దిగా పెరిగినది. కొందరికి ఒంటిమీద దద్దుర్లు లేచినవి. మరుసటి సంవత్సరం గుగ్గులు వాడిన ఒక రోగిలో కండరాలు విచ్ఛిన్నమైనట్లు వైద్యపత్రికలో నమోదయినది. అనగా ఏ దోషానికి భయపడి స్టాటిన్ మానుచున్నారో, ఆ దోషమే గుగ్గులు వాడినవారిలోను కనబడినది.

వారు వాడినది సారం, శోధన చేసిన గుగ్గులు కాదు. ప్రకృతి చూడలేదు, పథ్యం చెప్పలేదు. మా వైద్యులు ఇట్లు వాదింతురు. ఆ వాదనలో కొంత నిజం ఉన్నది. అయితే స్టెంటు వేసిన మనిషికి "ఇది మీ మాత్రకు బదులు" అని చేతిలో పెట్టుటకు ఆ వాదన చాలదు. త్రిఫలా కషాయంలో శుద్ధి చేసిన గుగ్గులును కీళ్ళవాతానికి నేడు కూడ వాడుచున్నాను. స్టాటిన్ వాడువారికి మాత్రం దానితో కలిపి ఇచ్చుట లేదు. గుగ్గులు కాలేయంలో మందులను జీర్ణింపజేయు ఎంజైములను మార్చునని ప్రయోగాలలో కనబడినది. రెండింటిని కలిపినప్పుడు ఏది ఎంత పనిచేయునో లెక్క తప్పును.

ఇట్టి లెక్క తప్పుట ఇంగ్లీషు మందుల మధ్య మరీ ఎక్కువ. ఇటీవల ఏ ఊరు చూచినా తామర విపరీతంగా ఉన్నది. దానికి ఇట్రాకోనజోల్ అను గొట్టాలను వారాల తరబడి మింగుచున్నారు. అది సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్‌ల విరుగుడును అడ్డగించి రక్తంలో వాటి మట్టం బాగా పెంచును. దగ్గు, జ్వరాలకు వాడు క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ కూడ అంతే. చర్మవ్యాధికి మందు తెచ్చుకొనునప్పుడు "నేను కొలెస్టరాల్ మాత్ర వాడుచున్నాను" అని ఒక్క మాట చెప్పినచో ఆ కొద్ది వారాలు ఏమి చేయవలెనో వారే చెప్పుదురు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొనువారికి ఆ మాట చెప్పువారుండరు. గ్రేప్‌ఫ్రూట్ రసానికి కూడ ఈ గుణం ఉన్నది. మన పంపరపనస ఆ పండుకు పుట్టినిల్లు వంటిది, కనుక ఈ మాత్రలు వాడువారు దానిని దూరంగా ఉంచుట మేలు. నిమ్మ, బత్తాయిల గురించి బెంగ అక్కరలేదు.

కాలేయం, చక్కెర, జ్ఞాపకశక్తి గురించి రెండు మాటలు. మందు మొదలు పెట్టుటకు ముందు ఒకసారి కాలేయ పరీక్ష చేయించుకొనవలెను. తర్వాత కామెర్ల వంటి లక్షణాలు కనబడితే తప్ప మాటిమాటికి అవసరం లేదని 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నిర్ణయించినది. అదే సంవత్సరం రక్తంలో చక్కెర కొద్దిగా పెరుగవచ్చుననియు, మతిమరుపు కలిగినట్లు కొందరు తెలిపినారనియు మందు కాగితంలో చేర్పించినది. చక్కెర పెరుగుట నిజమే. అది ఎక్కువగా మధుమేహపు అంచున ఉన్నవారిలోనే కనబడును. మతిమరుపు మందు ఆపిన తర్వాత పోవునదే, పెద్ద పరీక్షలలో అది మందు దోషమని తేలలేదు.

వంటింటిలో చేయదగినది

మందుకు తోడు ఆహారం ఉండవలసినదే. సుశ్రుతుడు చెప్పిన అరికెలు, చామలు మన మెట్టపొలాల పంటలే. వాటిని వదలి మూడు పూటలా తెల్ల అన్నానికి అలవాటు పడినాము. రాత్రి పూట అన్నానికి బదులు చామల అన్నం, పెసరపప్పు, ఒక ఆకుకూర. వారానికి నాలుగైదు రోజులు అట్లు తిన్నా చాలు. ఒకసారి కాచిన నూనెను మరునాటి మిర్చిబజ్జీలకు వాడరాదు, వనస్పతి ఇంటికి తేరాదు. ఇసబ్గోలు పొట్టును రోజుకు రెండు చెంచాలు నీటిలో కలిపి తాగినచో ఎల్.డి.ఎల్. కొంత తగ్గును. అయితే మాత్రలకు, దానికి నడుమ రెండు గంటల ఎడం ఉండవలెను. కండరాల నొప్పికి గోరువెచ్చని నువ్వులనూనెతో మర్దన, తర్వాత వేడినీటి స్నానం. దీని వలన ఏ మాత్రతోను వైరం లేదు. ఎండ పొడ, ఉదయపు నడక సరేసరి.

ఇవన్నీ శ్రద్ధగా చేసినా ఎల్.డి.ఎల్. తగ్గునది కొంతయే. పది మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ దానిని మూడవవంతుకు పైగా తగ్గించును. కొన్ని కుటుంబాలలో చిన్న వయస్సుననే, బక్కపలుచని వారికి కూడ ఎల్.డి.ఎల్. మితిమీరి ఉండును. కారణం వంశపారంపర్యం. వారికి పథ్యమొకటే చాలదు.

ఇక ఆ గృహిణి సంగతి. నొప్పి రెండు తొడలలోను సమానంగా ఉన్నది, గొంతుకూర్చుని లేచుటకు మంచం పట్టె పట్టుకొనవలసి వచ్చినది. ఇది కొట్టివేయదగినది కాదు. కాని ముఖం కొద్దిగా ఉబ్బి ఉన్నది, గొంతు బొంగురు, చర్మం పొడి. మాఘం వెళ్ళి ఎండ ముదురుచున్నా శాలువా కప్పుకొని ఉన్నారు. మలబద్ధకం ఏడాదిగా ఉన్నదట. నాకు థైరాయిడ్ మీద అనుమానం కలిగినది. థైరాయిడ్ మందగించినవారికి కొలెస్టరాల్ తనంతట తానే పెరుగును, కండరాలు తమంతట తామే నొప్పి పెట్టును, అట్టివారికి స్టాటిన్ ఇచ్చినచో బాధ రెట్టింపగును. చీటీ వ్రాసి, మూత్రం రంగు గురించి హెచ్చరించి, జనగామకు తిరిగి పంపినాను. ఆ వైద్యుడు సహృదయులు. చీటీ చదివి అన్ని పరీక్షలు చేయించినారు. సి.పి.కె. కొద్దిగా, టి.ఎస్.హెచ్. చాల ఎక్కువగా పెరిగి ఉన్నవి. స్టాటిన్‌ను ఆరు వారాలు ఆయనే ఆపి, థైరాయిడ్ మాత్ర మొదలు పెట్టినారు. తర్వాత మునుపటికన్న తక్కువ మోతాదులో స్టాటిన్‌ను తిరిగి ఇచ్చినారు.

కార్తీకమాసంలో ఆమె మళ్ళీ వచ్చినారు. గుట్ట ఎక్కినారట, నడుమ రెండు చోట్ల ఆగి. అదే గుడ్డసంచి. ఈసారి ఒక్కొక్క పట్టీకి తెల్ల కాగితం అంటించి, దానిమీద మనవరాలి చేత తెలుగులో వ్రాయించినారు: "షుగరుకు, పొద్దున", "గొంతుకు, పరగడుపున", "కొవ్వుకు, రాత్రి, అడగకుండ ఆపొద్దు".